ఎక్కడో జరిగే యుద్ధం చూసి ఇక్కడ ఓటు వేయాలా?

ఉక్రెయిన్‌లోనో గాజాలోనో జరిగేదాన్ని బట్టి మన ఓటు మారాలా, లేక మన ఊరి నీళ్లు, రోడ్లు చూసుకుంటే చాలా అని ఒకరు అడిగారు. నా మటుకు, ఎంపీ ఓటుకు ఆ లెక్క వేసుకోవచ్చు, ఎమ్మెల్యే ఓటుకు అక్కర్లేదు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మాది కడప. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు నాయన అక్కడ ఒక సేటు ఇంట్లో డ్రైవరు. నాకు పదేళ్లు. ఉత్తరాలు ఆగిపోయాయి. మా అమ్మ రోజూ వీధి చివర రేడియో ఉన్న ఇంటికి పోయి, ప్రాంతీయ వార్తలు అయిపోయేదాకా గడప మీద కూర్చునేది. వార్తల్లో నాయన పేరు చెబుతారని కాదు, ఊరికే ఇంట్లో ఉండలేక.

నాయన పని చేసే ఇంటి సేటు సౌదీకి వెళ్లిపోయాడు. రావాల్సిన మూడు నెలల జీతం పోయింది. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాలు, తర్వాత అమ్మాన్, అక్కడి నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. బొంబాయిలో మద్రాసు మెయిల్ ఎక్కి తెల్లవారుజామున కడప స్టేషన్లో దిగాడు. చేతిలో ఒకే బ్యాగు. కాళ్లకు రెండు రకాల చెప్పులు, రెండూ కుడికాలివే. గుడారంలో చీకట్లో మారిపోయాయట. మా అమ్మ ఏడవాల్సింది పోయి ఆ చెప్పులు చూసి నవ్వింది.

అలా అప్పుడు దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయులు తిరిగొచ్చారు. ఎయిరిండియా రెండు నెలల్లో 488 ట్రిప్పులు తిప్పింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ పోయి సద్దాం హుస్సేన్‌ను కౌగిలించుకుంటే చాలామంది తిట్టారు. నాయన మాత్రం ఆ మాట ఎవరన్నా ఎత్తితే, "మీకేం, ఇంట్లో కూర్చున్నారు, ఆయప్ప పోకపోతే నేను ఆడనే ఉండేవాణ్ని" అనేవాడు. ఆ కౌగిలింత సరైందా కాదా నేను తేల్చలేను. కానీ ఢిల్లీలో ఎవరున్నారన్నది మా ఇంటికి అంత దగ్గరి విషయమని నాకు తెలిసింది అప్పుడే.

వింత ఏమంటే, 1991లో ఎన్నికలు వచ్చేసరికి కువైట్ మాట ఎవరూ ఎత్తలేదు. మా వీధిలోనే అలా తిరిగొచ్చినవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ల అరుగు మీదే కూర్చుని జనం "ఆయన మనోడా, వాళ్లోడా" అని మాట్లాడుకున్నారు. విమానాలు పంపిన వి.పి. సింగ్ ప్రభుత్వం 1990 నవంబరులోనే పడిపోయింది, అదీ వేరే గొడవల మీద. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర ఎగబాకి, అక్కడి నుంచి వచ్చే డబ్బు తగ్గి, విదేశీ మారకం అడుగంటింది. అప్పటికే ఉన్న ఇబ్బందులకు ఇది తోడై 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టింది. అంత జరిగినా మా వీధిలో ఒక్కరు ఒక్క ప్రశ్న అడగలేదు.

అడగకపోతే ఏమవుతుందో తర్వాత తెలిసింది. కువైట్ వదిలొచ్చినవాళ్లకు ఇరాక్ చమురు డబ్బులోంచి ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం ఇచ్చింది. ఫారాలు మన ప్రభుత్వం ద్వారానే పోవాలి. నాయన పాస్‌పోర్టులో ముద్ర ఉంది కాబట్టి ఆలస్యంగానైనా డబ్బు వచ్చింది. పక్కింటి మామ పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండిపోయింది. ఆయన ఏదో తాత్కాలిక కాగితం మీద వచ్చి, అదీ పోగొట్టుకున్నాడు. ఆఫీసులో ఆధారం ఏదంటూ ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఆయన లోకల్ లీడర్ల చుట్టూ తిరిగాడు. ఒకాయన టీ ఇప్పించాడు, ఇంకొకాయన భుజం తట్టాడు. ఇది ఢిల్లీలో కదలాల్సిన ఫైలు, ఎంపీని పట్టుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మాకూ తట్టలేదు.

అందుకే ఓట్లు రెండూ విడదీసి చూడమంటాను. విదేశాంగం, రక్షణ, యుద్ధం, సంధి ఇవన్నీ రాజ్యాంగంలో కేంద్రం జాబితాలో ఉన్నాయి. ఎమ్మెల్యే అభ్యర్థి ఉక్రెయిన్ మీద మూడు గంటలు మాట్లాడినా మీ కొళాయిలో నీళ్లు రావు, అక్కడ ఒక తూటా ఆగదు.

ఇక ఎంపీ ఓటు. యుద్ధం మన ప్రభుత్వం తెచ్చింది కాదు, కాబట్టి యుద్ధం వచ్చిందని శిక్షించడం అన్యాయం. వచ్చాక ఏం చేశారన్నది చూడాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసింది. చమురు మండిపోతున్నా మన బంకుల్లో రేటు కదల్లేదు. 2021 నవంబరు నుంచీ కదల్లేదు. ఉత్తరప్రదేశ్, పంజాబ్ ఎన్నికల ఫలితాలు మార్చి 10న వచ్చాయి, 22 నుంచి రేట్లు లేచాయి. రెండు వారాల్లో లీటరుకు పది రూపాయలు. దీన్ని యుద్ధం ఖాతాలో ఎంత రాయాలో, ఎన్నికల ఖాతాలో ఎంత రాయాలో మీరే చూసుకోండి.

నూనె సంగతి ఇంకా తమాషా. మనకొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాలదే. ఆ ఏడాది ప్యాకెట్ రేటు చూసి మా అమ్మ, "పక్క జిల్లా అంతా బుడ్డలు (వేరుశనగ) పండిస్తా ఉంటే మనకు ఎవరిదో నూనె ఏందిరా" అని గానుగ నూనెకు మారిపోయింది. వంటనూనెలో సగానికి పైగా ఎందుకు దిగుమతి చేసుకుంటున్నామో ఎంపీ అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న. అనంతపురం బుడ్డల రైతుకు అది యుద్ధం లేని ఏడాదీ ప్రశ్నే.

గాజా చూసి కడుపు తరుక్కుపోయి ఓటు వేస్తానన్న స్నేహితుడు నాకున్నాడు. అతన్ని తప్పు పట్టను. అయితే 2023 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వచ్చినప్పుడు భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది, డిసెంబరులో కాల్పుల విరమణ తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. ఈ రెండూ తెలుసుకుని కోప్పడమన్నాను. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చూసి మాత్రం వద్దు. ఉక్రెయిన్ యుద్ధమని మా ఫ్యామిలీ గ్రూపులో తిరిగిన ఒకటి వీడియో గేమ్‌లోదని మా అబ్బాయి చూడగానే చెప్పాడు.

ఇప్పుడు మా తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. అక్కడ ఏదన్నా జరిగితే ముందు తగిలేది అతనికే. ప్రవాసులు ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయాలంటే స్వయంగా బూత్‌కు రావాలి. 2024 మేలో టికెట్ రేటు చూసి రాలేదు. "ఈసారికి నా బదులు కూడా నువ్వే ఆలోచించన్నా" అన్నాడు ఫోన్లో.

ఆ రోజు నాయనను బూత్‌కు తీసుకుపోయాను. రెండు మిషన్లు, పార్లమెంటుకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. లోపలికి పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "ఢిల్లీది ఏది అబ్బీ, తెల్లదేనా?" అని అడిగాడు. బయటికి రావడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది.