కార్ల ఫొటోలకు కెమెరా కొనబోతున్న మా బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

మొన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. నువ్వు 80 వేలు కూడబెట్టుకున్నావని, కార్ల షోలలో ఫొటోలు తీయడానికి కెమెరా కొంటానంటున్నావని చెప్పాడు. చాలా సంతోషమైంది. నీ మెసేజ్ కూడా చూశాను. మూడు బాడీల (అంటే లెన్స్ లేని కెమెరాల) పేర్లు రాసి "పెద్దబాపూ, వీటిలో ఏది కొనాలి?" అని అడిగావు. లెన్స్ గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఫోన్‌లో రెండు ముక్కలు చెబితే తెగే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ముందు కారుకు ఎంత దూరంలో నిలబడతావో చూసుకో. ఆ దూరాన్ని బట్టి లెన్స్, లెన్స్‌ను బట్టి బాడీ. దుకాణంలో దీన్ని తిరగేసి చెబుతారు. బాడీ చేతిలో పెట్టి, డబ్బాలో వచ్చే లెన్స్‌తో సర్దుకోమంటారు. పెళ్ళి ఫొటోలకైతే అట్లా కొన్నా ఎట్లాగో నెట్టుకు రావచ్చు. మనిషి ముఖంలో నవ్వుంటే చిన్న లోపాలు ఎవరూ పట్టించుకోరు. కారుకు నవ్వు లేదు, దాని అందమంతా ఆకారంలోనే ఉంది. బానెట్ నుంచి డిక్కీ దాకా సాగిపోయే ఆ గీత వంకరపోయిందంటే ఇక ఆ ఫొటోలో ఏమీ మిగలదు.

ఈ దూరం లెక్క ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావరకు 4 మీటర్ల లోపు పొడవుంటాయి. పాత అంబాసిడర్ 4.3 మీటర్లు ఉంటుంది. అటూ ఇటూ కాస్త ఖాళీ వదిలితే పక్క నుంచి తీసే ఫొటోలో 5 మీటర్ల వెడల్పు పట్టాలి. లెన్స్ మీద ఎంఎం అంకె ఎంత పెరిగితే చూపు అంత ఇరుకవుతుంది. క్రాప్ సెన్సర్, అంటే ఫొటో పట్టే చిప్ కాస్త చిన్నగా ఉన్న కానన్ బాడీ మీద 18 ఎంఎం పెడితే నాలుగు మీటర్ల దూరం నుంచి అంత వెడల్పు పడుతుంది. 35 పెడితే ఎనిమిది మీటర్ల దూరానికి వెళ్ళాలి. 50కి పదకొండు, 85కి దాదాపు పంతొమ్మిది మీటర్లు కావాలి. షోలో పంతొమ్మిది మీటర్ల ఖాళీ ఎవరిస్తారు? ముందు తాడు, తాడు వెనక జనం, జనం వెనక ఇంకో కారు ఉంటాయి.

మరి 18లో పెట్టి దగ్గరికి వెళ్తే సరిపోదా అంటావు. వెళ్ళి చూడు. ముందు మూల నుంచి తీస్తే దగ్గరి చక్రం ఎడ్లబండి చక్రమంత అవుతుంది, వెనక చక్రం కుంచించుకుపోతుంది. బంపర్ ఉబ్బి ముందుకు పొడుచుకొస్తుంది. అంబాసిడర్ గుండ్రటి బానెట్, ఆ రెండు హెడ్‌లైట్ల మధ్య నిండుదనం అన్నీ సాగిపోయి బండి వేరేదైపోతుంది. ఈ తప్పు లెన్స్‌ది కాదు, మనం నిలబడ్డ చోటుది. ఎంత దగ్గరికి పోతే అంత వంకర వస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్‌ను 35కో 50కో తిప్పితే అదే కారు కుదురుగా, తన రూపంలో నిలబడుతుంది.

కాబట్టి నేను చెప్పే మొదటి లెన్స్ 17-50 ఎఫ్/2.8. ఎఫ్ పక్కనున్నది అపర్చర్ అంకె, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలత. అంకె ఎంత తక్కువైతే రంధ్రం అంత పెద్దది. సిగ్మా వాళ్ళదీ ఉంది, టామ్రాన్ వాళ్ళదీ ఉంది. రెండూ సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతాయి. డబ్బాలో వచ్చే 18-55లో కూడా దాదాపు అంతే మేర పడుతుంది కానీ, జూమ్ చేసే కొద్దీ అపర్చర్ కుంచించుకుపోయి 5.6కు చేరుతుంది. హాల్లో వెలుతురు తక్కువున్నప్పుడు 5.6కీ 2.8కీ తేడా చిన్నది కాదు. 2.8లో నాలుగింతల వెలుగు లోపలికి వస్తుంది.

రెండోది 85 ఎఫ్/1.8. పంతొమ్మిది మీటర్లు కావాలని చెప్పి ఇది ఎందుకు కొనమంటున్నానా అనుకుంటావేమో. దీనితో మొత్తం కారు తీయాలని కాదు. మీటరు దూరంలో నిలబడితే జానెడు, జానెడున్నర మేర ఫ్రేమ్ నిండుతుంది. హెడ్‌లైట్ లోపలి గీతలు, గ్రిల్ మీద బ్యాడ్జీ, స్టీరింగ్ మీద తోలు కుట్టు, తుడిచి తుడిచి అరిగిపోయిన డోర్ హ్యాండిల్ తీయొచ్చు. వెనక ఉన్న జనం, ఫ్లెక్సీలు, ఐస్‌క్రీం బండి అన్నీ కరిగి రంగులైపోతాయి. షోలో నిన్ను ఎక్కువ విసిగించేది వెనకున్న చెత్తే, దాన్ని ఈ లెన్స్ మింగేస్తుంది. కారు పక్కన నిలబడ్డ ఓనర్ ముఖం కూడా దీనితోనే తీయి. ముప్పై ఏళ్ళు కాపాడుకున్న బండి పక్కన మనిషి ఎట్లా నిలబడతాడో చూడాలి నువ్వు.

10-18 లాంటి బాగా వెడల్పు లెన్స్ ఇప్పుడే వద్దు. వెనక సీట్లో కూర్చుని డాష్‌బోర్డు మొత్తం తీయడానికి తప్ప నీకు పనికిరాదు.

ఇక పోలరైజర్, అంటే లెన్స్ ముందు బిగించి తిప్పుతూ మెరుపు తగ్గించే ఫిల్టర్. దుకాణంలో సీపీఎల్ అని అడిగితే ఇస్తారు. కార్ల ఫొటోలకు ఇది లేకపోతే సగం కళ్ళు మూసుకుని తీసినట్టే. మొన్న ఎండాకాలం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కొత్త కార్లు వరుసగా పెట్టినప్పుడు చూశాను. ఒక నల్ల కారు షామియానా కింద ఉంది. బానెట్ మీద షామియానా ఎర్ర చారలు, పసుపు చారలు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. అద్దంలో ట్యూబ్‌లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. ఫిల్టర్ పెట్టి మెల్లగా తిప్పుతుంటే ఒకచోట చారలు పలచబడ్డాయి, ఇంకాస్త తిప్పితే అద్దం తేటపడి లోపల స్టీరింగ్, సీటు మీద వేసిన ప్లాస్టిక్ కవరు కూడా కనిపించాయి. బానెట్ అసలు నలుపు అప్పుడు బయటపడింది.

అది అన్ని కోణాల్లో ఒకేలా పనిచేయదు. అద్దానికి ఎదురుగా నిలబడి ఎంత తిప్పినా లాభం లేదు, కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా చూడాలి. క్రోమ్ బంపర్ మెరుపు మాత్రం పోదు. లోహం మీద పడ్డ వెలుగు ఈ ఫిల్టర్‌కు లొంగదు. కొన్ని కార్ల వెనక అద్దాల్లో చుక్కలు, గళ్ళు కనబడతాయి. అది గట్టిపరిచిన అద్దం తీరు, నీ ఫిల్టర్ పాడైందని భయపడకు. వెలుగు కూడా దాదాపు రెండు స్టాపులు తింటుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది, చీకటి హాల్లో తీసేసెయ్. రెండు లెన్స్‌లకు రెండు ఫిల్టర్లు కొనకు. పెద్ద లెన్స్ సైజుకు ఒకటి మంచిది కొని, చిన్నదానికి అది బిగేట్టు చేసే స్టెప్-అప్ రింగ్ పెట్టుకో.

ఫిల్టర్ తీయలేని ప్రతిబింబం ఒకటుంది, అది మనదే. ఫిల్మ్ రోజుల్లో ఒక షోరూం వాళ్ళు కొత్త కార్ల ఫొటోలు తీయమని పిలిచారు. పండుగ రోజని తెల్ల లాల్చీ వేసుకుని వెళ్ళాను. రెండు రోల్స్, 72 ఫొటోలు. ప్రింట్లు వచ్చాక చూస్తే ముదురు నీలం కారు ప్రతి డోర్ మీద తెల్లటి మచ్చ ఉంది. అది నేనే. డబ్బులు తీసుకోలేదు, తీసుకునే ముఖం లేదు. ఆ రోజు నుంచి కార్ల దగ్గరికి ముదురు రంగు చొక్కా తప్ప వేసుకోలేదు. నువ్వు కూడా నలుపో, ముదురు బూడిద రంగో వేసుకో. మెరిసే చున్నీ అసలే వద్దు.

ఇప్పుడు బాడీ. నువ్వు రాసిన మూడింటిలో ఏది కొన్నా ఫొటోలు బాగానే వస్తాయి. 24 మెగాపిక్సెళ్ళంటే 6000కి 4000 చుక్కలు. ఏ3 సైజు ప్రింటు వేసినా ఇంకా మిగులుతాయి. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న బాడీ కొనాలని మనసు పీకుతుంది, నాకు తెలుసు. 80 వేలలో బాడీకే అంతా పోసి, పాత కిట్ లెన్స్‌తో తిరిగేకంటే, క్రాప్ బాడీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మిగిలిన సొమ్ము లెన్స్‌ల మీద పెట్టు. బాడీ ఐదేళ్ళకు పాతదవుతుంది. మంచి లెన్స్ నా దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్సా, అద్దం ఉండే పాత రకం డీఎస్‌ఎల్‌ఆరా అని టెన్షన్ పడకు. పెద్ద కంపెనీలు కొత్తగా చేస్తున్నవి దాదాపు అన్నీ మిర్రర్‌లెస్ వైపే. అందుకే డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలు, లెన్స్‌లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి, అది నీకు లాభం. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు చేసిన ఈఎఫ్ లెన్స్‌లు రేపు మిర్రర్‌లెస్ కొన్నా అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా నడుస్తాయి. నికాన్ వైపు వెళ్తే మాత్రం ఒక్కటి చూసుకో. డీ3500, డీ5600 లాంటి బాడీలలో ఫోకస్ మోటార్ ఉండదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉంటే ఫోకస్ అవుతుంది. పాత ఏఎఫ్-డి రకం తీసుకుంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. చవకగా వస్తుందని చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు.

బాడీ చేతిలో పట్టుకున్నప్పుడు ఒక్కటి తప్పకుండా చూడు, స్క్రీన్ బయటికి తెరుచుకుని తిరుగుతుందా లేదా. కారు ఫొటో నిలబడి తీస్తే అది పార్కింగ్‌లో కారు. కెమెరా హెడ్‌లైట్ ఎత్తుకు దిగితే కారుకు ఠీవి వస్తుంది. తిరిగే స్క్రీన్ ఉంటే గొంతుకూర్చుంటే చాలు, లేకపోతే నేల మీద పడుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పగటిపూటే వెళ్ళు. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడు. సాలెగూడులా సన్నటి పోగులు కనబడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దను. అపర్చర్‌ను ఎఫ్/16లో పెట్టి తెల్ల గోడను ఫొటో తీయి. నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. అది తుడిపిస్తే పోతుంది, ధర తగ్గించమని అడగొచ్చు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. పెళ్ళిళ్ళలో తిరిగిన బాడీ అయితే లక్ష దాటి ఉండొచ్చు. కొన్నాక ముసురు పట్టే నెలల్లో బీరువాలో బట్టల మధ్య పెట్టకు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. మన దగ్గర లెన్స్‌లు పాడయ్యేది ఎండకు కాదు, వానాకాలం తేమకు.

షోలో ఎల్‌ఈడీ లైట్లుంటే షట్టర్ స్పీడ్ వేగంగా పెట్టినప్పుడు ఫొటోల మీద అడ్డ చారలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/100లోనో, 1/50లోనో పెడితే చాలావరకు పోతాయి. తెల్ల కారును కెమెరా బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ ప్లస్ వైపు జరుపు. నల్ల కారుకు మైనస్ వైపు. రా ఫైల్‌లో, అంటే కెమెరా రంగులు దిద్దకుండా దాచే ఫైల్‌లో తీయి, షామియానా రంగు బండి మీద పడినా తర్వాత సరిచేసుకోవచ్చు. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం పూట బయట తీయకు. పొద్దున కార్లు ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడుతున్నప్పుడే వెళ్ళు. నీకు కావలసిన ఖాళీ అప్పుడే దొరుకుతుంది.

కారు మీద బ్యాగు పెట్టకు, ఆనుకోకు. మెడలో కెమెరా వేసుకుని అద్దంలోకి వంగితే బెల్టు కొక్కెం డోర్‌కు తగిలి గీత పడుతుంది. వంగేముందు కెమెరాను చేత్తో పట్టుకో. ముందు చక్రాలు కొంచెం తిప్పి పెట్టమని ఓనర్‌ను మర్యాదగా అడుగు. చక్రం ముఖం నీ వైపుండాలి, టైరు అంచు కాదు. అడిగితే ఎవరూ కాదనరు. ఫొటో పంపిస్తానంటే పంపించు, మాట తప్పకు.

చెయ్యి కుదిరాక కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్ వెళ్దాం. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంలో బూటు, క్రికెట్ బంతి ఆకారాల్లో చేసిన కార్లున్నాయి. వంపులు, మెరుపులు తీయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

ఇప్పుడే మాత్రం ఏమీ కొనకు. ఈ ఆదివారం పొద్దున ఆరింటికల్లా స్టూడియోకు రా. పాత కానన్ బాడీ, 18-55 ఇస్తాను. మీ బాపు కారును శనివారం రాత్రే కడిగి పెట్టమను. భద్రకాళి చెరువు దిక్కు ఖాళీ జాగా చూసి నిలబెట్టి, ముందు మూల నుంచి 18లో ఒకటి, 35లో ఒకటి, 55లో ఒకటి తీద్దాం. మూడింటిలోనూ కారు ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉండేట్టు నువ్వే వెనక్కి నడువు, అడుగులు లెక్కపెట్టుకో. మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాక ఏ లెన్స్ కొనాలో నువ్వే నాకు చెబుతావు. ఆ తర్వాత ఇద్దరం కలిసి కొనడానికి వెళ్దాం.

మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది, ఇంట్లో టిఫిన్ చేసి రాకు.

ఇట్లు
మీ పెద్దబాపు