కాంట్రాక్టు తేలకుండా గ్రౌండ్‌లోకి దిగాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. హైస్కూల్లో ఉన్న మా అబ్బాయికి డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ అంటే ప్రాణం. 2025 వేసవిలో ఆ టీమ్ స్టార్ డిఫెండర్ మైకా పార్సన్స్ కొత్త కాంట్రాక్టు కోసం పట్టుబట్టి ప్రాక్టీసు మానేసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే గొడవ. ఉన్న ఒప్పందం ప్రకారం ఆడాల్సిందే అని నేను, మోకాలు పోతే ఎవరిస్తారు నాన్నా డబ్బులు అని వాడు. ఓడినవాళ్లు వేసవంతా లాన్ కోయాలని పందెం కూడా వేసుకున్నాం. ఆ ఆటగాడు మీ క్లయింట్ అయితే ఏం చెప్పేవారు?

జవాబు: పందెం సంగతి చివర్లో చెప్తానండి. ముందు ఈ ఆట చూడనివాళ్ల కోసం ఒక మాట. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) కాంట్రాక్టుల్లో పేపర్లో కనిపించే పెద్ద అంకెను నేనైతే లెక్కలోకే తీసుకోను, ఎందుకంటే అందులో చాలా భాగం టీమ్ ఉంచుకున్నంత కాలమే వస్తుంది, వద్దనుకుంటే తీసేస్తారు. గ్యారంటీ అని రాసిన భాగమే అసలు డబ్బు. ఆటలో దెబ్బ తగిలితే ఆ సీజన్ జీతం టీమే ఇస్తుంది. ఆ తర్వాతి ఏడాది గురించి మాత్రం ఏ హామీ ఉందో కాగితం తీసి చూసుకోవాల్సిందే.

పార్సన్స్‌కి ఆ ఏడాది రావాల్సింది సుమారు 24 మిలియన్ డాలర్లు. అది ఎలాగూ గ్యారంటీ. కొత్త కాంట్రాక్టులో అడుగుతున్నది దానికి ఎన్నో రెట్లు. అంటే అతను కాపాడుకోవాల్సింది చేతిలో ఉన్న 24 కాదు, ఇంకా సంతకం కాని ఆ పెద్ద మొత్తం. ప్రాక్టీసులో ఎవడో కాలి మీద పడితే బేరం అక్కడే సగానికి పడిపోతుంది. అందుకే మీ అబ్బాయి అడిగిన ప్రశ్న సరైనదే.

కానీ అతను క్యాంపు (సీజన్‌కి ముందు టీమ్ పెట్టే శిక్షణ శిబిరం) ఎగ్గొట్టి ఇంట్లో కూర్చోలేదు చూడండి. అలా కూర్చుంటే జరిమానా పడుతుంది. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2020లో కుదిరిన ఒప్పందం ప్రకారం వెటరన్ కాంట్రాక్టు (మొదటి కాంట్రాక్టు అయిపోయాక చేసుకున్నది) ఉన్నవాళ్లకైతే రోజుకు 50 వేల డాలర్లు, టీమ్ మాఫీ చేద్దామన్నా కుదరదు. పార్సన్స్‌ది ఇంకా మొదటి కాంట్రాక్టే, అతనికి లెక్క కాస్త వేరు, అయినా జరిమానా జరిమానానే. కాబట్టి క్యాంపుకి వచ్చాడు, వీపు పట్టేసిందన్నాడు, ప్రాక్టీసు చేయలేదు. దీన్ని అక్కడ హోల్డ్-ఇన్ అంటారు. 2021లో పిట్స్‌బర్గ్‌లో టీజే వాట్ కూడా ఇదే చేసి, సీజన్ మొదలయ్యే ముందు 4 ఏళ్లకు 112 మిలియన్లు రాయించుకున్నాడు. హాజరు వేయించుకో, ఒళ్లు మాత్రం పణంగా పెట్టకు. నా క్లయింట్ అయినా ఇదే చెప్పేవాణ్ణి.

ఆగస్టు 28న కౌబాయ్స్ పార్సన్స్‌ని గ్రీన్ బే టీమ్‌కి ఇచ్చేశారు. అక్కడ 4 ఏళ్లకు 188 మిలియన్లు, అందులో సంతకం రోజే గ్యారంటీ అయినవి 120. డిసెంబరులో డెన్వర్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. అదే మోకాలు ఆగస్టులో ప్రాక్టీసులో పోయి ఉంటే? డిసెంబరులో ఆ నష్టం టీమ్ ఖాతాలో పడింది, ఆగస్టులో అయితే అతని ఖాతాలో పడేది. (టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, గ్రీన్ బే ఉన్న విస్కాన్సిన్‌లో పై శ్లాబు 7.65 శాతం. డబ్బు లెక్కలు చూసే నాలాంటివాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి, ఏం చేస్తాం.)

ఇక మీ వైపు వాదన. 2018లో పిట్స్‌బర్గ్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) లెవియాన్ బెల్, 14.5 మిలియన్ల ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి టీమ్ ఒక్క ఏడాదికి తన దగ్గరే కట్టేసుకునే పద్ధతి) మీద సంతకం చేయకుండా సీజన్ మొత్తం ఆడలేదు. సంతకం లేదు కాబట్టి జరిమానా లేదు, జీతమూ లేదు, వారానికి సుమారు 8.55 లక్షల డాలర్లు అలా వెళ్లిపోతూనే ఉన్నాయి. అతని భయం అర్థం కానిది కాదు, అంతకు ముందు ఏడాది 406 సార్లు బంతి అతనికే అందించి గుంపులోకి తోశారు. కానీ 2019లో న్యూయార్క్ జెట్స్ టీమ్ ఇచ్చింది 4 ఏళ్లకు 52.5 మిలియన్లు, అందులోనూ రెండో సీజన్ మధ్యలోనే తీసేశారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు గుర్తుందా? ఆ ఖరీఫ్ పోయినా పొలం పొలంగానే ఉంటుంది, మరుసటి ఏడాది దున్నుకోవచ్చు. రన్నింగ్ బ్యాక్‌కి అలా కాదు. 26 ఏళ్ల వయసులో వదిలేసిన ఏడాది మళ్లీ రాదు, ఆ 14.5 మిలియన్లూ రావు.

దెబ్బ తగిలితే బతుకు అయిపోయినట్టే అన్న మీ అబ్బాయి లెక్క కూడా పూర్తిగా నిజం కాదు. అదే 2018లో సియాటిల్ సేఫ్టీ (వెనక నిలబడి అడ్డుకునేవాడు) ఎర్ల్ థామస్ క్యాంపు ఎగ్గొట్టి, చివరికి వచ్చి ఆడి, నాలుగో మ్యాచ్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. బండి మీద బయటికి తీసుకెళ్తుంటే తన టీమ్ బెంచి వైపే మధ్యవేలు చూపించాడు, మీ వాడికి ఆ సీన్ తెలిసే ఉంటుంది. అయినా మార్చిలో బాల్టిమోర్ 4 ఏళ్లకు 55 మిలియన్లు ఇచ్చింది. కూర్చున్న బెల్ కన్నా కాలు విరిగినవాడికే ఎక్కువ! మీ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్ కూడా 2020 అక్టోబరులో ట్యాగ్ మీద ఆడుతూ చీలమండ విరగ్గొట్టుకుని, 2021 మార్చిలో 160 మిలియన్లకు సంతకం చేశాడు. ఎముక అతుక్కుంటుంది, పైగా క్వార్టర్‌బ్యాక్ దొరకడం కష్టం. రన్నింగ్ బ్యాక్ మోకాలికి అంత ఓపిక ఎవరికుంటుంది?

అందుకే నేను క్లయింట్‌ని ముందు అడిగేది మోకాలి గురించి కాదు, ఒక్క చెక్కూ రాకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందని. జీతం సీజన్ మొదలయ్యాకే రావడం మొదలవుతుంది కాబట్టి, బ్యాంకులో ఏడాది ఖర్చు లేనివాడు సెప్టెంబరు దాటితే ఏ రేటుకైనా సంతకం పెట్టేస్తాడు, టీమ్‌కి ఆ సంగతి తెలుసు. రెండోది ఇన్సూరెన్స్. శాశ్వతంగా ఆడలేకపోతే ఇచ్చేది వేరు, విలువ పడిపోతే ఇచ్చేది వేరు. రెండూ ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోవాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పందెం అంటారా, ప్రాక్టీసు చేయకపోవడం తప్పు కాదు కాబట్టి సగం మీ అబ్బాయి గెలిచాడు, క్యాంపుకి రావాల్సిందే కాబట్టి సగం మీరు గెలిచారు. ఇంటి ముందున్న లాన్ వాడికిచ్చి వెనకది మీరు కోయండి, ఫ్రిస్కో ఎండలో మీ వయసుకి అది చాలు.