ఒప్పులకుప్పలో ‘ఆపు’ అన్న మాట

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పై అంతస్తులోని స్నేహితురాలు “నా మాట వినకపోతే కటీఫ్” అంటే చాలు, ఏది అడిగినా ఇచ్చేస్తుంది. పుట్టినరోజుకు కొన్న రంగు పెన్సిళ్ల డబ్బా కూడా ఇచ్చి వచ్చింది. గట్టిగా మందలించాను. మర్నాడు తమ ఇద్దరి బొమ్మ గీసింది. అందులో తనకు చేతులు లేవు. నాకు భయం వేసింది. సంగీతంలోనో, చిత్రలేఖనంలోనో చేర్పిస్తే ధైర్యం వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: ముందుగా ఆ బొమ్మ సంగతి. మూడు నాలుగేళ్ల పిల్లలు తల నుంచే కాళ్లు మొలిపిస్తారు. ఆరేళ్ల పిల్లలూ ఒక్కోసారి చేతులు మరచిపోతుంటారు. బొమ్మను జాతకంలా చదవకండి. పక్కన కూర్చుని “ఇక్కడ ఏం జరుగుతోంది?” అని అడిగి, ఇక వినండి. “నీకు చేతులేవీ?” అంటే మీకు నచ్చే జవాబు వెతుక్కుంటుంది. ఎదుటివారికి నచ్చేదే చెప్పడం కదా తన ఇబ్బంది!

“కాదని చెప్పడం నేర్చుకో” అని మీరు చెప్పే ఉంటారు. ఆ వయసుకు అది ఉత్త మాట. ఒంటితో చేసి చూస్తేనే తెలుస్తుంది. మీరు చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగే ఉంటారు. హాల్లో టీపాయ్ పక్కకు జరిపి, పాపతో తిరగండి. చేతులు అడ్డంగా పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి తిరుగుతుంటే ఒకరి బరువు మరొకరు మోస్తుంటారు. మీరు పెద్దవారు కాబట్టి మోకాళ్లు వంచి, నెమ్మదిగా తిరగండి. ఎవరు ‘ఆపు’ అన్నా ఇద్దరూ వేగం తగ్గించాలి, చేయి మాత్రం వదలకూడదు. తటాలున వదిలితే ఇద్దరూ పడతారు. నాలుగైదు సార్లు ‘ఆపు’ అన్నాక, అమ్మ ఆగింది, చేయి మాత్రం వదల్లేదు అని పాప చేతులకే తెలుస్తుంది. ‘కటీఫ్’కు జడిసే పిల్లకు కావలసింది ఈ అనుభవమే. కాదన్నా చెలిమి తెగదని మీ దగ్గర రుచి చూస్తేనే పై అంతస్తులో నోరు విప్పగలదు.

కోలాటం కర్రలు దొరికితే అదీ మంచిదే. గట్టిగా కొడితే అవతలి చేతికి దెబ్బ, ఆలస్యమైతే కర్ర గాలిలోకి పోతుంది. వేగం ఎంతో పాపనే నిర్ణయించనివ్వండి.

బొమ్మలకు ఒక పెద్ద కాగితం తీసుకుని ఇద్దరూ గీయండి. పాప వైపు గీత గీయాలంటే “ఇక్కడ గీయనా?” అని అడగండి. మొదట్లో అన్నిటికీ ‘సరే’ అంటుంది. ఒకరోజు ‘వద్దు’ అంటుంది. ఆ క్షణం చాలా విలువైనది. బతిమాలకండి, మొహం చిన్నబుచ్చుకోకండి. “సరే, నా వైపే గీసుకుంటాను” అని పని కొనసాగించండి.

అదే రోజు సాయంత్రం బంధువులు వచ్చి “తాతయ్యకు ముద్దు పెట్టు” అని ఒత్తిడి చేస్తే, ఈ నేర్పినదంతా నీళ్లపాలు. నమస్కారం పెట్టినా గౌరవమే అని పెద్దవాళ్లకు మీరే చెప్పండి. నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనివ్వండి. ఈ విషయంలో నేను పాప పక్షమే.

క్లాసు కావాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్‌లో అడగండి. అక్కడ సంగీతం, చిత్రలేఖనం రెండూ నేర్పుతారు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మారకుండా అసెంబ్లీ స్టేషన్‌లో దిగవచ్చు. పోటీలకు తోమే చోటు మాత్రం ఇప్పుడు వద్దు.

ఒక్క జాగ్రత్త. పాప ఫలానా మనిషి పేరు చెబితే వణికినా, ఒకరింటికి వెళ్లనని మొండికేసినా, ఎవరైనా తాకారని చెప్పినా, ఆటలతో కాలయాపన చేయవద్దు. పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకే 2012 నుంచి పోక్సో చట్టం ఉంది.

ఇక ఆ స్నేహితురాలు. తనదీ చిన్న వయసే. ‘కటీఫ్’ అనే మాట తను కూడా ఎక్కడో విని నేర్చుకున్నదే. ఆదివారం పిలిచి ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వండి. పెన్సిళ్ల డబ్బా మీరు వెళ్లి అడగకండి. పాప తానే అడుగుతానన్న రోజున పై అంతస్తు తలుపు దాకా తోడు వెళ్లి, ఒక అడుగు వెనక నిలబడండి.