అణుబాంబులో కొంత పదార్థం మాయమై శక్తిగా మారుతుందంటారు, నిజమేనా? శక్తికీ ద్రవ్యరాశికీ లంకె చెప్పే ఐన్‌స్టీన్ E = mc² సూత్రం మామూలు మంటకు వర్తించదా?

పదార్థం మాయం కాదండీ. మంటకైతే ఈ సూత్రం నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొదట్లో కొన్నేళ్లు నేనూ "కాస్త పదార్థం నశించి శక్తి అవుతుంది" అనే చెప్పాను. ఒకరోజు బోర్డు మీద విచ్ఛిత్తి, అంటే పెద్ద కేంద్రకం చీలిపోవడం, సమీకరణం రాశాను: యురేనియం 235కి ఒక న్యూట్రాన్ తగిలితే బేరియం 141, క్రిప్టాన్ 92, మూడు న్యూట్రాన్లు. రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. "సార్, అటు 236. ఇటు 141, 92, 3 కూడినా 236. ప్రోటాన్లు కూడా 56, 36 కలిపి 92, సరిపోయాయి. మరి నశించింది ఏది సార్?" చాక్‌పీసు పట్టుకుని మళ్లీ లెక్కపెట్టాను. ఒక్క కణం కూడా తగ్గలేదు. రేపు చెబుతానమ్మా అని, ఆ రాత్రి మొదటినుంచి చదువుకున్నాను.

ద్రవ్యరాశి అంటే పదార్థమే అనుకోవడం దగ్గరే మనం తప్పుతున్నాం. విడివిడిగా ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్ల ద్రవ్యరాశుల మొత్తం కంటే అవి కలిసిన కేంద్రకం ద్రవ్యరాశి తక్కువ. అవి ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ. యురేనియంలో కంటే బేరియం, క్రిప్టాన్‌లలో ఆ పట్టు గట్టిది. ఆ తేడా అంతా ముక్కల వేగంగా, గామా కిరణాలుగా వస్తుంది. ఆ శక్తి బయటికి పోతే దాని వంతు ద్రవ్యరాశి కూడా దానితోనే పోతుంది. వేడి, వెలుగు ఏదీ బయటికి పోని పెట్టెలో ఇదంతా జరిగిందనుకోండి, పెట్టె తూకం ఏమాత్రం మారదు. నాకు విషయం అర్థమైంది ఈ పెట్టె దగ్గరే.

గ్యాస్ పొయ్యి సంగతీ అంతే. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలి, వేడంతా పోయాక, గ్యాస్‌కీ అది వాడుకున్న ఆక్సిజన్‌కీ ఉన్న ద్రవ్యరాశిలో దాదాపు 7 మైక్రోగ్రాములు తగ్గుతాయి. ఏ వంటింటి త్రాసూ పట్టుకోలేదు కాబట్టి కెమిస్ట్రీలో మారలేదనే రాస్తాం. యురేనియంలో ఆ తగ్గుదల వెయ్యో వంతుకు కాస్త తక్కువ. సూత్రం ఒకటే, పట్టులోని బలమే వేరు.

బాంబు ఈ సూత్రం నుంచే పుట్టిందన్నదీ సరికాదు. ఐన్‌స్టీన్ దీన్ని రాసింది 1905లో. జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం చీలడాన్ని గమనించింది 1938 చివర్లో. అప్పుడు భౌతిక శాస్త్రవేత్తలు మైట్నర్, ఫ్రిష్ కూర్చుని తగ్గిన ద్రవ్యరాశి ఒక ప్రోటాన్‌లో ఐదో వంతు అని లెక్కకట్టి, వచ్చే శక్తి ఎంతో చెప్పారు. సూత్రం లెక్క చెప్పింది, చీల్చే దారి చూపలేదు.

కణాలే లేకుండా పోయే సందర్భం ఒకటుంది. ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ కలిస్తే రెండూ పోయి గామా కిరణాలు మిగులుతాయి. ఆసుపత్రిలో పెట్ స్కాన్ నడిచేది దీని మీదే. విచ్ఛిత్తిని దీనితో కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

మర్నాడు ఆ అమ్మాయికి పెట్టె సంగతి చెప్పాను. "అయితే వేడి నీళ్లు చల్లటి నీళ్ల కంటే బరువా సార్?" అని అడిగింది. అవునమ్మా, లీటరు నీళ్లు మరిగిస్తే సుమారు 3 నానోగ్రాములు ఎక్కువ.