బ్రౌజర్ ఇంజిన్ ఉచితమే, మరి మా సోర్స్ కోడ్ ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేనూ, నా స్నేహితుడూ భాగస్వాములుగా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాం. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు, యార్డులో కమీషన్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. బాండ్లు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదులు), బిల్లులు తెర మీద చూపించడానికి, ప్రింట్ తీయడానికి క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ తయారీ సాధనం 4.8 వెర్షన్‌తో వచ్చిన వెబ్‌కిట్ అనే ఓపెన్ సోర్స్ బ్రౌజర్ ఇంజిన్‌ని (వెబ్ పేజీలను తెర మీద చూపించే భాగాన్ని) మా ప్రోగ్రామ్‌లో కలిపాం. తెలుగు ఒత్తులు ప్రింటులో చెదిరిపోతుంటే తెలిసిన కుర్రాడి చేత ఆ ఇంజిన్‌లోనే చిన్న మార్పు చేయించాం. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఎక్కించడానికి తేలిక అని అంతా కలిపి ఒకే ఈఎక్స్ఈ ఫైలుగా కట్టాం. ఇప్పుడు విజయవాడలో ఒక పెద్ద ఎగుమతి సంస్థ మా సాఫ్ట్‌వేర్ తీసుకుంటామంటోంది. కాకపోతే ‘ఇందులో ఓపెన్ సోర్స్ ఏదీ లేదు, ఏ కేసు వచ్చినా నష్టం మొత్తం మేమే భరిస్తాం’ అని రాసివ్వమంటున్నారు. ఫ్రీగా వచ్చిందే కదా, సంతకం పెట్టేద్దాం అంటాడు నా భాగస్వామి. మా ఆడిటర్ గారేమో మా సోర్స్ కోడ్ (మేం రాసుకున్న ప్రోగ్రామ్ మూల పాఠం) అంతా బయటపెట్టాల్సి వస్తుందంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసుకున్న బిల్లింగ్ కోడ్ ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఆ భయం వదిలేయండి. కానీ ఇప్పుడు మీరు అమ్ముతున్న పద్ధతి ఆ ఇంజిన్ లైసెన్స్ షరతులకు సరిపోదు. దాన్ని సరిచేసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. అది సరిచేసేదాకా మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఎందుకంటే అందులో మొదటి వాక్యమే అబద్ధం.

ముందు ఆ ఇంజిన్ ఎవరిదో చూద్దాం. 1998లో కేడీఈ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వాళ్లు కేహెచ్‌టీఎంఎల్ పేరుతో ఒక ఇంజిన్ మొదలుపెట్టారు. 2001లో ఆపిల్ దాన్ని తీసుకుని తన బ్రౌజర్ కోసం మలుచుకుంది. 2003లో సఫారీ వచ్చింది. 2005లో వెబ్‌కిట్ పూర్తిస్థాయి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా బయటికొచ్చింది. 2013లో గూగుల్ అందులోంచి విడదీసి బ్లింక్ అనే తన ఇంజిన్ చేసుకుంది. అంటే మీ ఈఎక్స్ఈలో ఉన్న ఆ కోడ్‌కి కాపీరైట్ యజమానులు ఒకరు కాదు, ఎందరో. ఎవరో ఒకరి దగ్గరికెళ్లి మినహాయింపు అడిగి తెచ్చుకునే వీలు లేదు. క్యూటీకి కమర్షియల్ లైసెన్స్ కొనేస్తే ఈ గొడవ పోతుందని కొందరు సలహా ఇస్తారు. క్యూటీ సొంత కోడ్ వరకూ అది నిజమే. అందులోని వెబ్‌కిట్ భాగం మాత్రం, మీరు డబ్బు కట్టినా కట్టకపోయినా, ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కిందే ఉంటుంది.

మీ ఆడిటర్ గారి అనుమానానికి జవాబు కూడా ఈ చరిత్రలోనే ఉంది. సఫారీలోని ఇంజిన్ అందరికీ తెరిచి ఉంది. సఫారీ అనే అప్లికేషన్ సోర్స్ మాత్రం ఈరోజుకీ ఆపిల్ బయటపెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. ఆయన మనసులో ఉన్నది బహుశా జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్. దాని కింద ఉన్న కోడ్‌ని మీ ప్రోగ్రామ్‌లో కలిపి పంచితే మొత్తం ప్రోగ్రామ్‌ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఎల్‌జీపీఎల్ అలా కాదు. ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించినట్టు అనుకోండి. ఛాసిస్ కంపెనీది, బాడీ కట్టినవాళ్లది. బాడీ డిజైన్ చెప్పమని ఎవరూ అడగరు. కానీ రేపు యజమాని ఇంజిన్ విప్పి మార్చుకోవాలంటే మీ బాడీ అడ్డం రాకూడదు.

మరి షరతులు పాటించకపోతే ఏమవుతుంది? ‘ఊరికే ఇచ్చింది, కేసేంటి’ అనే మీ భాగస్వామి ఒకసారి కాపీరైట్ చట్టం, 1957లోని 51వ సెక్షన్ చదవాలి. లైసెన్స్ లేకుండా వాడటమే కాదు, ఇచ్చిన లైసెన్స్ షరతులకు విరుద్ధంగా వాడటం కూడా ఉల్లంఘనే అని అందులో స్పష్టంగా ఉంది. అమెరికాలో ఈ విషయం తేల్చడానికి 2008లో జాకబ్‌సన్ వర్సెస్ కాట్జర్ అనే కేసు అప్పీలు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. బొమ్మ రైళ్ల సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇచ్చిన వ్యక్తి, షరతులు పాటించని కంపెనీ మీద వేసిన కేసు అది. డబ్బు తీసుకోకపోయినా షరతు షరతేనని కోర్టు చెప్పింది. మనకైతే చట్టంలోనే ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాములు ‘సాహిత్య రచన’ కిందికి వస్తాయి. విదేశీయుల రచనలకు 40వ సెక్షన్, 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు ద్వారా ఇక్కడా రక్షణ ఉంది. 55వ సెక్షన్ కింద కోర్టు అమ్మకాలు ఆపమనవచ్చు, నష్టపరిహారం ఇప్పించవచ్చు, లాభాల లెక్క అడగవచ్చు. మీ సోర్స్ కోడ్ ఊరందరికీ పంచమనడం ఆ సెక్షన్‌లో చెప్పిన పరిహారం కాదు.

క్రిమినల్ వైపు కూడా తెలుసుకోండి. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు వారంట్ లేకుండా చర్య తీసుకోదగిన, బెయిల్ హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో చెప్పింది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఓపెన్ సోర్స్ వాళ్లు మామూలుగా ముందు సరిచేయమని ఉత్తరం రాస్తారు, వాళ్లకు కావాల్సిందీ అదే. కానీ ‘తెలిసి’ అనే మాట గమనించండి. ఇప్పటిదాకా తెలియదని మీరు అనొచ్చు. కొనేవాళ్లు ఈ ప్రశ్న అడిగిన తర్వాత, నాకు మీరీ ఉత్తరం రాసిన తర్వాత, ఆ మాట నిలబడదు.

ఇక మీ ఇన్‌స్టాలర్ సంగతి. ఎల్‌జీపీఎల్ 2.1లో 6వ నిబంధన దీనికి ఆయువుపట్టు. మీ కస్టమర్ కావాలనుకుంటే ఇంజిన్‌ని మార్చుకుని, మార్చిన ఇంజిన్‌తో మీ ప్రోగ్రామ్ నడుపుకోగలగాలి. అంతా ఒకే ఈఎక్స్ఈలో కలిపేస్తే ఆ అవకాశం పోతుంది. అలా కలపడం నిషేధం కాదు, కానీ అప్పుడు మీ ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్ ఫైళ్లను (మీ సోర్స్ నుంచి తయారై, ఇంకా ఒకటిగా కలపని ముక్కలను) కూడా ఇవ్వాలి, వాటితో వాళ్లు మళ్లీ లింక్ చేసుకునేలా. మీకు ఆ బెడద ఎందుకు? క్యూటీనీ, వెబ్‌కిట్‌నీ వేరే డీఎల్ఎల్ ఫైళ్లుగా (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పిలుచుకునే విడి ఫైళ్లుగా) పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు బదులు ఒక ఫోల్డర్ ఉంటుంది, అంతే తేడా. ఒక కంప్యూటర్‌లో ఆ వెబ్‌కిట్ డీఎల్ఎల్ తీసేసి, మీరే సోర్స్ నుంచి మళ్లీ బిల్డ్ చేసిన ఇంకో కాపీ పెట్టి చూడండి. ప్రోగ్రామ్ తెరుచుకుని బాండు ప్రింట్ అయితే ఆ షరతు నెరవేరినట్టే. ఫైల్ మారిందని కనిపెట్టి ఆగిపోయే తనిఖీ ఏదైనా మీ కోడ్‌లో ఉంటే దాన్ని తీసేయండి.

నాకు ఇంతకన్నా ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది మీరు జతచేసిన మీ ఎండ్ యూజర్ ఒప్పందం. ‘ఈ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా గానీ, పాక్షికంగా గానీ రివర్స్ ఇంజినీరింగ్ చేయరాదు, మార్చరాదు’ అని 7వ పేరాలో ఉంది (రివర్స్ ఇంజినీరింగ్ అంటే తయారైన ప్రోగ్రామ్‌ని విప్పి అది ఎలా పనిచేస్తుందో చూడటం). ఇది ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన వాక్యమని చూడగానే తెలుస్తోంది. ఇలాంటివి విజయవాడ, గుంటూరుల్లో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల కాగితాల్లో తరచూ చూస్తుంటాను. అదే 6వ నిబంధన ప్రకారం కస్టమర్ సొంత వాడకానికి మార్పులు చేసుకోవడాన్ని, ఆ మార్పుల్లో లోపాలు వెతకడానికి రివర్స్ ఇంజినీరింగ్ చేయడాన్ని మీ ఒప్పందం అనుమతించాలి. అంటే మీ చేతి రాతతో మీరే షరతు మీరుతున్నారు. ఏ సాంకేతిక నిపుణుడూ అక్కర్లేకుండా కోర్టులో చూపించగల సాక్ష్యం అది. ఆ పేరా చివర ఇలా చేర్చండి: ‘ఈ ఉత్పత్తిలో వాడిన ఎల్‌జీపీఎల్ భాగాలకు ఆ లైసెన్స్ ఇచ్చే హక్కులన్నీ కొనుగోలుదారుకు ఉంటాయి. ఆ హక్కులను ఈ ఒప్పందంలోని ఏ నిబంధనా తగ్గించదు.’

తెలుగు ఒత్తుల కోసం చేయించిన మార్పు మాత్రం మీ రహస్యంగా మిగలదు. ఇంజిన్‌లో చేసిన ఏ మార్పైనా ఎల్‌జీపీఎల్ కిందే ఉండాలి. ఏ ఫైలు మార్చారో, ఏ తేదీన మార్చారో ఆ ఫైల్లోనే రాయాలి. ఆ మార్పుతో సహా ఇంజిన్ సోర్స్ మొత్తం మీ కస్టమర్లకు అందుబాటులో ఉంచాలి. సీడీలో ఇవ్వొచ్చు, ప్రోగ్రామ్‌ని కూడా డౌన్‌లోడ్‌గానే ఇస్తుంటే అక్కడే సోర్స్ లింకు ఇవ్వొచ్చు, లేదా అడిగితే ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వొచ్చు. దీన్ని నష్టంగా చూడకండి. ఒత్తులు సరిగ్గా పడే ప్రింటు తెలుగువాళ్లందరికీ కావాల్సిందే. మీ వ్యాపారం నడిచేది బస్తాల లెక్క, అద్దె లెక్క, బాండు లెక్క మీద. అవి మీవే. దీంతో పాటు ‘అబౌట్’ తెరలో వెబ్‌కిట్, క్యూటీ వాడామని చెప్పి, కాపీరైట్ నోటీసులు, లైసెన్స్ పూర్తి పాఠం ఇన్‌స్టాలర్‌తో ఇవ్వండి.

పాత కస్టమర్ల విషయంలో దాచే ప్రయత్నం వద్దు. 2.1 లైసెన్స్‌లోని 8వ నిబంధన ప్రకారం ఉల్లంఘన జరిగితే హక్కు దానంతటదే రద్దవుతుంది. సరిచేసుకోవడానికి ఇన్ని రోజులని గడువు అందులో ఇవ్వలేదు. అందుకని ఈ సీజన్ అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. పాత ఈఎక్స్ఈ ఇవ్వడం ఈరోజే ఆపి, కొత్త ఇన్‌స్టాలర్‌ని అందరికీ ఉచిత అప్‌డేట్‌గా పంపండి. ఎవరికి ఏ తేదీన పంపారో రాసిపెట్టుకోండి.

ఇక ఎగుమతి సంస్థ కాగితం. ‘ఓపెన్ సోర్స్ ఏదీ లేదు’ అనే మాట కొట్టేయించి, దాని బదులు మీరు వాడిన భాగాల జాబితా ఇవ్వండి: పేరు, వెర్షన్, లైసెన్స్, మార్పు చేశారా లేదా. పెద్ద సంస్థల కొనుగోలు విభాగాలకు నిజానికి కావాల్సింది ఈ జాబితానే. ఆ వాక్యం ఏదో పాత నమూనా నుంచి వచ్చి ఉంటుంది. నష్టం భరిస్తామనే హామీ కాంట్రాక్టు చట్టం, 1872లోని 124, 125 సెక్షన్ల కిందికి వస్తుంది. హద్దు రాసుకోకపోతే పరిహారమే కాదు, వాళ్ల లాయరు ఖర్చులు కూడా మీ మీదే పడతాయి. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి మీ ఇద్దరి సొంత ఆస్తుల దాకా వస్తుంది. అందుకని బాధ్యత మీకు వాళ్లు కట్టిన సొమ్ముకు మించదని, నోటీసు వచ్చిన వెంటనే వాళ్లు మీకు చెప్పాలని, కేసు నడిపే అవకాశం మీకివ్వాలని రాయించుకోండి. ఒప్పుకోకపోతే బేరం వదులుకోవడం మేలు. వివాదాలకు విజయవాడ కోర్టులే అని కూడా రాయించండి. 3 లక్షలు, అంతకు పైబడిన వాణిజ్య వివాదమైతే అక్కడి వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు అవసరం లేని కేసుల్లో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి.

వాళ్ల కంప్యూటర్ విభాగం తర్వాత అడగబోయేది భద్రత గురించి. క్యూటీ 4.8 చాలా పాతది, వెబ్‌కిట్‌ని క్యూటీ వాళ్లే 2016లో 5.6 వెర్షన్‌తో పక్కనపెట్టేశారు. బ్రౌజర్ ఇంజిన్‌ని మీ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్నారంటే దానిలోని లోపాలూ మీతోనే ఉంటాయి. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే బొమ్మల లైబ్రరీలో బయటపడిన ఒకే ఒక్క లోపం వల్ల క్రోమ్‌తో పాటు, క్రోమియంని (క్రోమ్‌కి ఆధారమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్‌ని) లోపల పెట్టుకున్న ఎన్నో డెస్క్‌టాప్ అప్లికేషన్లకు అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది. మీ డేటాలో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. తగిన భద్రత చూపకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేసే వీలుంది. ఆ బాధ్యత మొదట డేటా సేకరించే సంస్థదే, కానీ వాళ్లు ఒప్పందం ద్వారా దాన్ని మీ మీదికి తోస్తారు. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 నాటి ఆదేశాలు కూడా ఉన్నాయి. అందుకని ప్రస్తుతానికి ఇంజిన్‌ని మీ సొంత పేజీలు తప్ప బయటి చిరునామాలేవీ తెరవకుండా కట్టేయండి. వచ్చే వెర్షన్‌కి ఇంజిన్‌నే మార్చండి. క్రోమియంని ప్రోగ్రాముల్లో పెట్టుకోవడానికి వాడే క్రోమియం ఎంబెడెడ్ ఫ్రేమ్‌వర్క్ బీఎస్‌డీ అనే తేలిక షరతుల లైసెన్స్ కింద ఉంది, అయినా దానిలోపల ఎల్‌జీపీఎల్ భాగాలున్నాయి కాబట్టి నోటీసుల ఫైలు ఇవ్వాల్సిందే. దానిపేరు చెప్పి ‘గూగుల్ క్రోమ్‌తో తయారైంది’ అని కరపత్రాల్లో వేయకండి, అది ట్రేడ్‌మార్క్ తగాదా అవుతుంది.

ఆ మార్పు చేసిన కుర్రాడి సంగతి మీరు అడగలేదు, కానీ అదీ చూసుకోవాలి. అతను మీ ఉద్యోగి కాకపోతే, డబ్బు మీరిచ్చినా అతను రాసిన కోడ్‌కి మొదటి హక్కుదారు అతనే. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో యజమానికి దక్కే మినహాయింపు ఉద్యోగులు రాసినదానికే. బిల్లింగ్ భాగంలో కూడా అతను పనిచేసి ఉంటే రాతపూర్వక అసైన్‌మెంట్ (హక్కుల బదిలీ పత్రం) తీసుకోండి. కాలపరిమితి, ప్రాంతం తప్పకుండా రాయండి. రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లకు, భారతదేశం వరకే అని లెక్క. ఇంజిన్‌లో మార్పుకి మాత్రం అసైన్‌మెంట్ అక్కర్లేదు, దాన్ని ఎల్‌జీపీఎల్ కింద విడుదల చేయడానికి ఒప్పుకుంటున్నానని అతని దగ్గర ఒక ఈమెయిల్ తీసుకుని భద్రపరచండి.