నర్సింగ్ చదవబోతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఆదివారం మీ అమ్మ తెనాలి నుంచి ఫోను చేసి, ఇరవై నిమిషాలు ఊళ్ళో పెళ్ళిళ్ళ సంగతులు చెప్పి, చివరికి అసలు మాట బయటపెట్టి ఏడ్చింది. "ఎమ్సీఏ చదివి, ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన పిల్ల ఇప్పుడు నర్సు అవుతానంటోంది అక్కా, నువ్వైనా మందలించు" అంది. నేను పదహారేళ్ళుగా నర్సునే అన్న సంగతి ఆ క్షణాన దానికి తోచలేదు. తోచాక కాసేపు మాట్లాడలేదు. పైగా, నువ్వు చేరబోయేది ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు జూనియర్ కాలేజీ అని పిలిచిన, రెండేళ్ళ చదువులు చెప్పే కమ్యూనిటీ కాలేజీ అని నేను చెప్పగానే, ముప్పై ఎనిమిదేళ్ళ కూతురు మళ్ళీ ఇంటర్మీడియెట్ చదవబోతోందనుకుని మరింత బెంగపడింది. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ ఈ దేశంలో మొట్టమొదటి పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీ అనీ, అది మా ఇంటికి పెద్ద దూరమేమీ కాదనీ, నేను చదివింది అక్కడ కాకపోయినా అటువంటి చోటేననీ ఓపికగా వివరించాను. ఎంత ఎక్కిందో తెలియదు.

నీ ఉద్యోగం పోయి ఏడు నెలలైందన్న మాట కూడా నాకు మీ అమ్మ నోటనే తెలిసింది. దాని మీద నీతో దెబ్బలాట ఉంది, ఈ ఉత్తరంలోనే వస్తుంది. ముందుగా సంతోషం సంగతి: ఫోను పెట్టేశాక గర్వంతో గంటసేపు నిద్ర పట్టలేదు, ఆ తరువాత భయంతో తెల్లవారేదాకా పట్టలేదు. ఆ రాత్రి మనసులో అనుకున్నవే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

చిన్న పనులను తొందరగా ముగిస్తాను. ఇండియా నుంచి మార్కుల పత్రాలు సీలు వేసిన కవరులో తెప్పించి, కోర్సువారీగా మదింపు చేయించు. ఏ సంస్థ మదింపును ఒప్పుకుంటారో కాలేజీని అడిగాకే డబ్బు కట్టు. నీకు గ్రీన్‌కార్డు ఉంది కనుక ఫెడరల్ సహాయానికి దరఖాస్తు పెట్టవచ్చు గానీ, తిరిగి కట్టనక్కరలేకుండా ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు మీద ఆశ పెట్టుకోకు. డిగ్రీ ఒకటి చేతిలో ఉన్నవాళ్ళకు అది ఇవ్వరు, ఇండియాలో చేసిన డిగ్రీ కూడా వాళ్ళ లెక్కలో డిగ్రీయే. అయినా ఫీజు నిన్ను భయపెట్టేంత ఉండదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడు. కాలేజీ పేరుతో అందులో ఒక వరుస కనిపిస్తే, ఇన్నాళ్ళూ ఆ కాలేజీని నువ్వూ పోషిస్తున్నావన్న మాట. అలా ఆ కాలేజీకి పన్ను కట్టే ప్రాంతంలో నివసించే వాళ్ళకు ఫీజు తక్కువ కావడానికి కారణం అదే.

విశ్వవిద్యాలయంలో ఏడాదిన్నర లోపే నర్సింగ్ డిగ్రీ ఇచ్చే వేగపు కోర్సు ఉందని అల్లుడుగారు అన్నారట. ఉంది, మంచిదే. అయితే అది ఇంట్లో వండి పెట్టేవాళ్ళు ఉన్న ఇరవై అయిదేళ్ళ పిల్లలకు. పదకొండేళ్ళ కొడుకు, అయిదేళ్ళ కూతురు ఉన్నవాళ్ళకు కాదని నా అభిప్రాయం. రెండేళ్ళ కోర్సు చేసినవాళ్ళూ నాలుగేళ్ళది చేసినవాళ్ళూ చివరికి రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే. పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ళ డిగ్రీ కావాలంటే, ఉద్యోగం చేస్తూనే దాన్ని పూర్తి చేయవచ్చు. నేను అలాగే చేశాను.

టీకాల విషయం ఒకటి చెప్పాలి. క్లినికల్స్‌కు అంటే రోగుల దగ్గర చేసే శిక్షణకు, ఆసుపత్రిలో అడుగు పెట్టే ముందు క్షయ పరీక్ష అడుగుతారు. మనకు చిన్నప్పుడు క్షయ రాకుండా బీసీజీ టీకా వేశారు కనుక చర్మం మీద చేసే పరీక్షలో చెయ్యి వాచే అవకాశం ఉంది. నా చెయ్యి రూపాయి బిళ్ళంత వాచింది, ఎక్స్‌రే తీయించి నాకు క్షయ లేదని రుజువు చేసుకోవలసి వచ్చింది. ఇప్పుడు రక్తంతో చేసే పరీక్ష ఉంది, బీసీజీ వల్ల అది తప్పుదారి పట్టదు. దాన్నే అడుగు.

మొదటి సెమిస్టరులో రెండు కోర్సులకు మించి తీసుకోకు. అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, ఆపైన మైక్రోబయాలజీ. ఇవి తోసుకుంటూ వెళ్ళే చదువులు కావు. బీకాం చదివిన దాన్ని, మణికట్టులోని ఎనిమిది ఎముకల పేర్లు బెండకాయలు తరుగుతూ వల్లె వేశాను. ఆరేళ్ళ మీ చెల్లెలు నా ఎదురుగా స్టూలెక్కి కూర్చుని తప్పులు పట్టేది. ఇంటర్‌లో 35 వస్తే ప్యాసయిన మనవాళ్ళకు, నూటికి 75 దాటకపోతే తప్పినట్లే అనే నర్సింగ్ కోర్సులు మొదట్లో అన్యాయంగా తోస్తాయి. కొన్ని వారాలకు అలవాటవుతుంది.

ఇక అసలు సంగతి. ఇది నీకు తెలియదు. ఇందులో నువ్వు కూడా ఉన్నావు.

2004 ఆగస్టులో నేను రెండు కోర్సుల్లో చేరాను, ఒకటి అనాటమీ, మరొకటి కెమిస్ట్రీ. గ్రీన్‌కార్డు వచ్చి ఏడాది అయింది, నాకు ముప్పై నాలుగేళ్ళు, మీ తమ్ముడికి మూడేళ్ళు. తరగతిలో నా పక్కన పోలండ్ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మా, ఫ్యాక్టరీ మూతపడి వచ్చిన ఒక లారీ డ్రైవరూ కూర్చునేవారు. మొదటి పరీక్షలో నాకు 91 వచ్చింది. అక్టోబరు రెండో వారంలో తాతయ్యగారికి పక్షవాతం వచ్చిందని ఫోను. మూడో రోజున విమానం ఎక్కాను. గుంటూరు ఆసుపత్రిలో ఆ అయిదు వారాలూ నీకు గుర్తుండే ఉంటాయి. నువ్వు ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీ వదలగానే తెనాలిలో బస్సెక్కి ఫ్లాస్కులో జావ తెచ్చేదానివి, తాతయ్య నీ చేత్తో అయితేనే తాగేవారు.

కాలేజీకి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. టికెట్టు కొన్నాను, పిల్లలను పక్కింటివాళ్ళకు అప్పగించాను, గ్యాసు కట్టాను, పాలు పోయవద్దన్నట్లుగా పత్రిక కూడా ఆపించాను. కాలేజీకి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. వెళ్ళడం మానేశాను కనుక వాళ్ళే పేరు కొట్టేసి ఉంటారనుకున్నాను. మన చదువులు మనకు నేర్పింది అదే కదా: హాజరు తగ్గితే కండొనేషన్ ఫీజు, పరీక్ష పోతే సప్లిమెంటరీ, అది ప్యాసైతే పాత తప్పు ఊసే ఉండదు. ఇక్కడ అలా కాదు. చెప్పి మానుకుంటే రికార్డులో విరమించుకున్నట్లు డబ్ల్యూ అనే ఒక అక్షరం పడుతుంది, దాని వల్ల జీపీఏ, అంటే మార్కుల సగటు, తగ్గదు. చెప్పకుండా మానుకుంటే తప్పినట్లు ఎఫ్ పడుతుంది. అది సున్నాగా లెక్కలోకి వచ్చి, తరువాత ఆ కోర్సులో ఏ మార్కులు తెచ్చుకున్నా ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపిస్తూనే ఉంటుంది. చెప్పి మానుకోవడానికి ప్రతి సెమిస్టరుకూ ఒక ఆఖరు తేదీ ఉంటుంది. నేను తిరిగి వచ్చేసరికి ఆ తేదీ దాటి తొమ్మిది రోజులయింది. అయినా, ఆ తొమ్మిదో రోజున కాలేజీకి వెళ్ళి ఉంటే ఏదో ఒక దారి దొరికేది. సిగ్గుతో వెళ్ళలేదు. అయిదు వారాల తరువాత ఏ ముఖం పెట్టుకుని ఆ తలుపు తీయాలి అనుకున్నాను.

డిసెంబరులో కవరు వచ్చింది. రెండు ఎఫ్‌లు. దాన్ని పెట్టె అడుగున పట్టుచీరల మడతల్లో దాచి, మీ పెదనాన్నతో ఈ సెమిస్టరు ఆపేశానని మాత్రం అన్నాను. ప్రతి ఆదివారం ఫోనులో తాతయ్య ముద్దగా, కూడబలుక్కుంటూ, "చదువు ఎంతవరకు వచ్చిందమ్మా" అని అడిగేవారు, బాగానే సాగుతోందని చెప్పేదాన్ని. 2005 జూన్‌లో ఆయన పోయారు. ఆయనతో నేను చివరిగా మాట్లాడిన ఆదివారం కూడా అదే ప్రశ్న, అదే అబద్ధం.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి చీర తీస్తుంటే కవరు జారి పడింది, మీ పెదనాన్న తీసి చదివారు. కోప్పడలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు, అంతే. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, నన్ను కారులో కాలేజీ ముందు దింపి, నేను బయటకు వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. అనాటమీ మాస్టారు నన్ను చూడగానే గుర్తుపట్టి, తన కంప్యూటరులో వెదికి రెండు ఈమెయిళ్ళు చూపించారు. ఒకటి అక్టోబరు చివర్లో రాసినది, నేను క్షేమమేనా అని. రెండోది నవంబరులో, ఫలానా తేదీలోగా కోర్సు వదులుకోకపోతే తాను ఎఫ్ వెయ్యక తప్పదనీ, ఒక్క వాక్యం జవాబు రాసినా ఏం చెయ్యాలో తాను చూసుకుంటాననీ. కాలేజీ నాకిచ్చిన ఈమెయిలు పెట్టెలో ఆ రెండూ విప్పకుండా పడి ఉన్నాయి. అటువంటిదొకటి నాకుందన్న సంగతే నేను పట్టించుకోలేదు. ఆసుపత్రి కాగితాలు చూపించి ఆలస్యంగా విరమించుకునే దరఖాస్తు కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది. దానికీ ఆ కాలేజీలో ఒక గడువు ఉంది, అదీ దాటిపోయింది. రెండు కోర్సులూ మళ్ళీ చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను, కానీ 2006లో రావలసిన నర్సింగ్ సీటు 2007లో వచ్చింది.

పోయిన ఆ ఏడాది గురించి నేనిప్పుడు బాధపడను. దాచిన ఎనిమిది నెలల గురించి బాధపడతాను. అందుకే, నీ ఉద్యోగం పోయిన సంగతి ఏడు నెలలు కడుపులో పెట్టుకున్నావని విన్నప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. ఏమే, నేను పరాయిదాన్నా? పొద్దున్నే లేచి పిల్లలను బడిలో దింపి, ఎవరైనా ఫోను చేస్తే "మీటింగులో ఉన్నాను" అన్నావట. ఆ మీటింగులు నాకు తెలుసు. నేనూ అటువంటి మీటింగుల్లో ఒంటరిగా చాలా రోజులు కూర్చున్నాను. నీకు చీవాట్లు పెట్టాలని కలం పట్టుకుని, ఫ్లాస్కు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కి వచ్చే నీ రెండు జడలు గుర్తుకు వచ్చి, ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

కనుక ఈ రెండు పనులు మాత్రం నా మాటగా చెయ్యి. కాలేజీ ఈమెయిలును రోజూ ఒకసారి తెరిచి చూడు. పిల్లకు జ్వరమైనా, అత్తగారికి ఒంట్లో బాగాలేకపోయినా, నీకే మనసు బాగాలేకపోయినా, తరగతికి వెళ్ళని రోజునే మాస్టారికి రెండు వాక్యాలు రాయి. వాళ్ళు అడుక్కోవడం అనుకోరు. పెద్ద వయసులో చదివే మనలాంటివాళ్ళను వాళ్ళు ఏటా చూస్తూనే ఉంటారు. అల్లుడుగారికి కూడా ఇంటి పనిలో సాయం చెయ్యమని చెప్పకు, పని అప్పగించు. సాయం చేసేవాడు నువ్వు చెప్పేదాకా కూర్చుంటాడు, పని తనదనుకున్నవాడు తానే లేచి కుక్కరు పెడతాడు. మీ పెదనాన్న పప్పు ఇప్పటికీ అంతంతమాత్రమే, కానీ రెండేళ్ళు మేము అదే తిని బతికాము.

ఇంకొక్క భయం. క్లినికల్స్ మొదలయ్యాక తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరాలి, పన్నెండు గంటలు నిలబడి తిరిగి రావాలి. ఒకసారి నేను ఎర్రదీపం దగ్గర ఆగి, అక్కడే నిద్రపోయాను. వెనక కారువాడు దిగి వచ్చి అద్దం తట్టి లేపాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ తట్టిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. కళ్ళు మూతలు పడుతుంటే ఆసుపత్రి పార్కింగులోనే అరగంట పడుకుని బయలుదేరు. పిల్లలు అరగంట ఆలస్యంగా తింటే ఏమీ కాదు.

లైసెన్సు పరీక్ష గురించి ఇప్పుడే బెంగ వద్దు. నేను 2009లో రాసినప్పుడు 75 ప్రశ్నలు కాగానే కంప్యూటరు దానంతట అదే ఆగిపోయింది. అప్పట్లో బాగా రాసినవాళ్ళకూ అక్కడే ఆగేది, మరీ పాడుచేసినవాళ్ళకూ అక్కడే ఆగేది. నేను రెండో రకమని నిశ్చయించుకుని ఇంటికొచ్చి ఏడుస్తుంటే, మీ తమ్ముడు ఎనిమిదేళ్ళవాడు, "అమ్మా, చెప్పి ఏడుస్తున్నావు కదా, పరవాలేదు" అన్నాడు. వాడికి ఈ కథంతా ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్యి. వచ్చే ఆదివారం మళ్ళీ మాట్లాడతాను. నువ్వు మాత్రం పేరు నమోదు చేసుకున్న రోజునే కాలేజీ క్యాలెండరు చూసి, కోర్సు విరమించుకోవడానికి ఆఖరు తేదీ ఏదో నాకు వాట్సాప్‌లో పంపు. మా గుడివాళ్ళు ఇచ్చిన క్యాలెండరులో ఏకాదశుల పక్కన ఎర్ర సిరాతో రాసి పెట్టుకుంటాను. ఆ తేదీకి వారం ముందు నేనే నీకు ఫోను చేస్తాను. మీటింగులో ఉన్నానని మాత్రం చెప్పకు.

ఇట్లు,
పెద్దమ్మ