అల్లుడి కమిన్స్ బండికి ఏ డ్యాంపర్?

అల్లుడూ,

నువ్వు పంపిన రెండు డ్యాంపర్ల ఫొటోలూ చూశాను. ఏది మంచిది మామయ్యా అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. నీది 2006 రామ్ 2500 పికప్, 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్. పాత ఓనరు ట్యూనర్, అంటే ఇంజిన్ బలం పెంచే ఎలక్ట్రానిక్ పరికరం, పెట్టించాడన్నావు. చివర్లో, క్లచ్ కూడా మార్పించాడట అని ఊరికే అన్నట్టు రాశావు. నా కన్ను ఆ మాట మీదే ఆగింది.

ఇంజిన్ ముందువైపు క్రాంక్‌షాఫ్ట్‌కి, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుకి, బిగించే చక్రమే డ్యాంపర్. అది దేనికో ముందు చెబుతాను. చాలామంది అది ఇంజిన్‌ని బ్యాలెన్స్ చేస్తుందనుకుంటారు. వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్‌కి ఆ సాయం అక్కర్లేదు, దాని అమరికలోనే బ్యాలెన్స్ ఉంది. డ్యాంపర్ పని వేరు. క్రాంక్‌షాఫ్ట్ ఎంత గట్టి ఉక్కుదైనా, సిలిండర్ మండిన ప్రతిసారీ తడిబట్ట పిండినట్టు రవ్వంత మెలిపడి మళ్లీ విచ్చుకుంటుంది. నీ ఇంజిన్‌లో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు మూడు సిలిండర్లు మండుతాయి. అంటే 2000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకు వంద దెబ్బలు. ప్రతి షాఫ్ట్‌కీ తనదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది. ఈ దెబ్బల లెక్క గానీ, దాని రెట్టింపు లెక్కలు గానీ ఆ వేగంతో కలిశాయంటే మెలిక అంతకంతకూ పెరుగుతుంది. ఆ ఊపును మింగి వేడిగా మార్చడమే డ్యాంపర్ చేసేది. అది పని మానేస్తే ముందువైపు బోల్టులు వదులవుతాయి, గేర్లు అరుగుతాయి, బెల్ట్ టెన్షనర్ అదేపనిగా ఎగురుతుంది. మరీ ముదిరితే క్రాంకే పగులుతుంది.

కంపెనీ నుంచి వచ్చే రబ్బరు డ్యాంపర్‌లో లోపల ఒక హబ్, బయట బరువైన రింగు, రెంటి మధ్య రబ్బరు పొర ఉంటాయి. అది చవకది, నమ్మకమైనది, కానీ ఒక లెక్కకు కట్టుబడి ఉంటుంది. ఫలానా క్రాంక్, దాని వెనక ఉండే ఫలానా ఫ్లైవీల్ (బరువు చక్రం), ఫలానా టార్క్ (తిప్పే బలం) అనుకుని ఆ రబ్బరునీ రింగు బరువునీ కుదురుస్తారు. నీ బండికి ఆ లెక్క 325 హార్స్‌పవర్, 610 పౌండ్-ఫీట్ టార్క్. పైగా ఆ ఏడాది మాన్యువల్ గేర్‌బాక్స్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. క్లచ్ మార్చేటప్పుడు చాలామంది దాన్ని తీసేసి ఒకే ముక్కగా ఉండే సింగిల్ మాస్ ఫ్లైవీల్ వేయిస్తారు. అలా చేస్తే క్రాంక్ వెనక ఉన్న బరువు మారుతుంది, దాంతో ఊగే వేగమూ మారుతుంది. ట్యూనర్‌తో దెబ్బ బలం కూడా పెరిగిందనుకో, ముందున్న రబ్బరు మాత్రం పాత లెక్కలోనే కూర్చుని ఉంటుంది.

కాబట్టి ముందు క్లచ్ బిల్లు వెతికించు. సింగిల్ మాస్ అని తేలితే సిలికాన్ ద్రవం ఉన్న విస్కస్ డ్యాంపరే తీసుకో. దాని గుల్లలో బరువైన రింగు చిక్కటి ద్రవంలో విడిగా తేలుతూ ఉంటుంది. క్రాంక్ మెలిపడినప్పుడు రింగు వెంటనే దానితో కదలదు, మధ్యలో ద్రవం ఒరుసుకుని ఊపును తినేస్తుంది. అది ఒక్క వేగానికే ట్యూన్ చేసింది కాదు, ఇంజిన్ తిరిగే మొత్తం పరిధిలో పనిచేస్తుంది. పెద్ద లారీల డీజిల్ ఇంజిన్లకు కంపెనీలే ఈ రకం బిగిస్తాయి, అందుకే ఇది నాకు కొత్త ఫ్యాషన్‌లా అనిపించదు. నీ మొదటి ఫొటోలోని ఫ్లూయిడాంపర్ ఈ జాతిదే. రెండోది, ఏటీఐ సూపర్ డ్యాంపర్, రబ్బరు ఓ-రింగుల మీద నడుస్తుంది. విప్పి ఓ-రింగులు మార్చుకోవచ్చు, రేసు ఇంజిన్లు కట్టేవాళ్లకు ఆ సౌకర్యం ఇష్టం. గుర్రాల ట్రెయిలర్ లాగే నీ బండిని మాటిమాటికీ ఎవరు విప్పుతారు?

ఫ్లైవీల్ పాతదే అయి, నువ్వు ట్యూనర్‌ని కూడా తీసేయించేట్టయితే ఇవేవీ వద్దు. కంపెనీ రబ్బరుది కొత్తది వేయించి, మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టు.

ఆర్డర్ చేసేలోపు ఇప్పుడున్న దాన్ని చూడు. హబ్ మీదా రింగు మీదా ఒక్కో గీత ఉంటుంది, రెండూ ఎదురెదురుగా ఉండాలి. అవి అంగుళంలో పదహారో వంతు కంటే ఎక్కువ జరిగితే రబ్బరు పట్టు వదిలినట్టే, ఇక ఆ డ్యాంపర్‌తో బరువులు లాగొద్దు. రబ్బరు ఉబ్బిందా, చిట్లిందా చూడు. దాని మీద నూనె తడి ఉంటే, క్రాంక్ ముందువైపున్న ఆయిల్ సీల్ కారుతోందేమో చూడాలి. డ్యాంపర్ ఎలాగూ ఊడుతుంది కాబట్టి సీల్ అప్పుడే మార్పిస్తే రెండోసారి కూలీ తప్పుతుంది.

కొనేటప్పుడు "5.9 కమిన్స్‌కి" అని చెబితే చాలదు. 1998 దాకా వచ్చిన పన్నెండు వాల్వులదీ, ఆ తర్వాతి ఇరవై నాలుగు వాల్వులదీ, 2003 నుంచి వచ్చిన కామన్ రైల్ ఇంధన వ్యవస్థ ఉన్నదీ అన్నీ 5.9లే. నీ ఇంజిన్‌లో క్రాంక్ సెన్సర్ చదివే గాట్ల చక్రం డ్యాంపర్ దగ్గరే ఉంటుంది. కొత్తదానితో ఆ చక్రం వస్తుందా, పాతదే విప్పి బిగించాలా అని అమ్మేవాణ్ణి గట్టిగా అడుగు. అది తప్పితే బండి కంప్యూటర్‌కి క్రాంక్ సిగ్నల్ అందదు, ఎర్రర్ కోడ్ పడుతుంది. పెట్టె మీద ఎస్ఎఫ్ఐ 18.1 అని ఉంటే మురిసిపోకు. రేసుల్లో విపరీతమైన వేగానికి డ్యాంపర్ పేలిపోకుండా ఉండటానికి పెట్టిన ప్రమాణం అది. నీ ఇంజిన్ మూడు వేల ఆర్‌పీఎమ్ దాటాక ఎంతోసేపు తిరగదు. విస్కస్‌ది సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చవకగా వచ్చినా వద్దు, లోపలి ద్రవం ఏ స్థితిలో ఉందో బయటికి తెలియదు.

డ్యూరామ్యాక్స్ డీజిల్ ఇంజిన్ బండి ఉన్న నీ ఫ్రెండ్ సలహాలు ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టు. అతనిది వీ8, దాని బ్యాలెన్స్‌లో కొంత భాగం డ్యాంపర్ మీదున్న బరువే చూసుకుంటుంది. ఆ లెక్కలు వేరు.

బిగించే రోజున మెకానిక్ పక్కనే నిలబడు, అతను విసుక్కున్నా సరే. విస్కస్ డ్యాంపర్‌ని సుత్తితో కొట్టకూడదు, అంచు పట్టి పుల్లర్‌తో లాగకూడదు. గుల్లకీ లోపలి రింగుకీ మధ్య సందు చాలా సన్నం. చిన్న సొట్ట పడినా రింగు పట్టేస్తుంది, కొత్తదే అయినా ఇక పనికిరాదు. క్రాంక్ ముఖం శుభ్రంగా తుడిపించు. బోల్టులు కొత్తవి వేయించు, ఇంపాక్ట్ గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో, 2006 సర్వీస్ పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం బిగించాలి. పాత ఇంజిన్ల అంకె నోటికొచ్చిందని దాన్నే వాడేసే మెకానిక్కులు ఉంటారు, ఒప్పుకోకు.

డ్యాంపర్‌తో పవర్ పెరగదు, మైలేజీ పెరగదు. హైవే మీద స్టీరింగ్ వణుకుతోందని కూడా రాశావు కదా. బండి ఆపి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎమ్‌కి ఇంజిన్ తిప్పి చూడు. అప్పుడు వణుకు లేకపోతే అది టైర్లదో ప్రొపెల్లర్ షాఫ్ట్‌దో, దానికి డ్యాంపర్ మందు కాదు.

విస్కస్‌ది కూడా జీవితాంతం ఉండేది కాదు. ఆయిల్ మార్చినప్పుడల్లా అతుకుల దగ్గర ద్రవం కారిందా అని టార్చ్ వేసి చూడు. ఎప్పుడైనా అనుమానమొస్తే నాలుగు చోట్ల మందం కొలిపించు. అంకెలు దగ్గర దగ్గరగా లేకపోతే గుల్ల ఉబ్బినట్టు.

గీతల ఫొటో, క్లచ్ బిల్లు రెండూ పంపు. బిల్లు దొరక్కపోతే పాత ఓనరుకి ఫోన్ చేసి, స్ప్రింగుల ఫ్లైవీలే ఉంచాడా తీసేశాడా అని అడుగు. అది తేలేదాకా కార్డు గీకొద్దు.

ఆశీస్సులతో,
మామయ్య